తుప్పు చాటున షెఫీల్డు కత్తి

పండగ ముందు అటక దులుపుతూ ఉంటారు. ఎప్పటిదో రేకు ట్రంకు పెట్టె కిందికి దించుతారు. పాత దస్తావేజులు, ఎవరివో కళ్ళజోళ్ళు, ఆగిపోయిన గడియారం, అన్నింటికీ అడుగున సన్నటి అట్టడబ్బా ఒకటి. మూత తీస్తే లోపల నల్లటి కొమ్ము పిడిలోకి మడిచిన గడ్డం కత్తి! తుప్పు పట్టి అట్టకి అతుక్కుపోయి ఉంటుంది. మీరేం చేస్తారు? "పాత సామాన్లవాడికి వేసేద్దాంలే" అని పక్కన పడేస్తారు, అవునా?

ఒక్క నిమిషం ఆగండి. ఆ తుప్పు కింద ఇంగ్లండులోని ఓ ఊరి పేరు ఉండొచ్చు. నూట యాభై ఏళ్ళ కిందటి కమ్మరి దెబ్బా, మీ ముత్తాతగారి చేతి అరుగుదలా ఉండొచ్చు. ఇలాంటి కత్తుల్ని వెతికి, శుభ్రం చేసి, దాచుకునేవాళ్ళు ప్రపంచంలో చాలామంది ఉన్నారు. "మగవాళ్ళ వస్తువు, మనకెందుకమ్మా" అనుకోకండి. ఇంట్లో పాత వస్తువు నిలిచేదీ పోయేదీ చాలావరకు మన చేతుల మీదుగానే కదా!

నేను చేసిన తప్పు

ముందు నా సంగతి చెప్పేస్తాను. మా మామయ్యగారు పోయిన ఏడాది అత్తయ్యగారి పెట్టె సర్దుతుంటే ఇలాంటి కత్తులు రెండు బయటపడ్డాయి. మామయ్యగారి నాన్నగారివట. మామయ్యగారు కూడా చాలా ఏళ్ళు వాటితోనే గడ్డం చేసుకున్నారట. నాకు ఉత్సాహం ఎక్కువైంది. అత్తయ్యగారికి ఆశ్చర్యంగా ఉంటుందని, చెప్పకుండా ఒకదాన్ని పట్టుకెళ్ళి వీధిలో కత్తిపీటలకి సాన పట్టే అతనికి ఇచ్చాను. నిప్పురవ్వలు రాలుతుంటే ముచ్చటగా చూశాను కూడా. ఐదు నిమిషాల్లో కత్తి తళతళా మెరిసింది.

ఇంటికి తెచ్చి చేతిలో పెడితే అత్తయ్యగారు దాన్ని వెలుతుర్లో అటూ ఇటూ తిప్పి చూశారు. "ఇక్కడ ఏవో అక్షరాలుండేవి కదే అమ్మాయ్" అన్నారు. అంతే, ఇంకో మాట అనలేదు. పాత పంచె ముక్కలో చుట్టి లోపల పెట్టేశారు. అంచు పొడుగునా నీలం రంగు చార ఒకటి పడింది. దాని అర్థం నాకు అప్పుడు తెలీదు. తప్పు ఆ సాన పట్టినతనిది కాదు. కూరగాయల కత్తికి చేసేదే అతను చేశాడు. అడిగింది నేను.

రెండో కత్తి మాత్రం మిగిలింది. దాన్ని ముట్టుకునే ముందు తెలుసుకున్నవే ఇవన్నీ.

కత్తుల ఊరు

ఇంగ్లండు ఉత్తర భాగంలో, యార్క్‌షైర్‌లో షెఫీల్డు అని ఓ ఊరుంది. చుట్టూ కొండలు, వాటి మీంచి దిగే ఏళ్ళు, దగ్గర్లోనే సానరాయికి పనికొచ్చే ఇసుకరాయి. ఏటి నీళ్ళతో చక్రం తిరుగుతుంది, చక్రంతో సానరాయి తిరుగుతుంది. అందుకే కత్తుల పని ఆ ఊళ్ళో వేళ్ళూనుకుంది. 14వ శతాబ్దంలో చాసర్ రాసిన కాంటర్‌బరీ కథల్లోనే షెఫీల్డు కత్తి ప్రస్తావన ఉంది. 1624లో అక్కడి కత్తుల పనివాళ్ళ సంఘానికి చట్టబద్ధమైన గుర్తింపు వచ్చింది. ఏ పనివాడు తన కత్తి మీద ఏ ముద్ర వెయ్యాలో ఆ సంఘమే చూసేది. మనం ఈరోజు ఓ కత్తిని చూసి "ఇది ఫలానావారిది" అనగలుగుతున్నామంటే ఆ ముద్రల పుణ్యమే!

1740ల్లో బెంజమిన్ హంట్స్‌మన్ అనే గడియారాల పనివాడు అక్కడికి వచ్చాడు. గడియారం స్ప్రింగుకి మంచి ఉక్కు దొరక్క తానే తయారుచెయ్యాలని పట్టుబట్టాడు. మట్టి మూసలో ఉక్కుని పూర్తిగా కరిగించి పోతపోశాడు. దాంతో మడ్డి లేకుండా, ముక్కంతా ఒకే తీరుగా ఉండే ఉక్కు వచ్చింది. పాత కత్తుల మీద 'కాస్ట్ స్టీల్' అని కనిపించేది ఇదే. ఈ రహస్యం కోసం ఓ ప్రత్యర్థి మంచు కురిసే రాత్రి బిచ్చగాడి వేషంలో వచ్చి కొలిమి పక్కన పడుకున్నాడని ఓ కథ కూడా ప్రచారంలో ఉంది. నిజమో కాదో గానీ, వంటింటి రహస్యం కోసం పక్కింటివాళ్ళు తొంగి చూడటం మనకి కొత్తా ఏమిటి!

ఉక్కు మాట మనదే

ఇక్కడ మనం గర్వపడాల్సిన సంగతి ఒకటుంది. మూసలో ఉక్కు చెయ్యడం మన దక్షిణాదివాళ్ళకి అంతకు ఎన్నో శతాబ్దాల ముందే తెలుసు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఆ ఉక్కు తయారవుతుండగా 1820లో డాక్టర్ వాయ్‌సీ అనే ఆయన చూసి రాశాడు. దాన్ని కొనడానికి పర్షియా వర్తకులు అంత దూరం నుంచి వచ్చేవారు. ఇంగ్లీషువాళ్ళు ఈ ఉక్కుని 'వూట్జ్' అన్నారు. మన 'ఉక్కు' మాటే వాళ్ళ నోట్లో అలా మారిందని పండితులు చెబుతారు.

బొంబాయి నుంచి పంపిన వూట్జ్ ముక్కల మీద 1795లో లండన్ రాయల్ సొసైటీలో పరిశోధన చదివారు. లండన్‌లో కత్తులు, శస్త్రచికిత్స పనిముట్లు చేసే జేమ్స్ స్టోడార్ట్ ఈ ఉక్కు చూసి మురిసిపోయాడు. తర్వాత ఆయనా, విద్యుత్తు శాస్త్రంలో పేరుపొందిన మైకేల్ ఫారడే కలిసి అలాంటి ఉక్కు చెయ్యాలని ప్రయోగాలు చేసి 1820లో, 1822లో ఫలితాలు ప్రకటించారు. ఉక్కులో ఐదువందలో వంతు వెండి కలిపితే బాగుందన్నారు. అప్పట్నుంచి 'సిల్వర్ స్టీల్' అని గడ్డం కత్తుల మీద చెక్కడం ఫ్యాషనైపోయింది. తర్వాతి రోజుల్లో ఆ మాట ఉన్న కత్తుల్లో చాలావాటికి వెండి తగిలి ఉండదు లెండి. ఎవరైనా "ఇందులో వెండి ఉందండీ" అని ఎక్కువ ధర చెబితే నవ్వి ఊరుకోండి.

మెరుపు వెనక ఊపిరి

ఒక్క కత్తి ఎన్ని చేతులు మారేదో తెలుసా? కమ్మరి కాల్చి సాగగొట్టేవాడు. ఇంకొకరు సాన పట్టేవారు. మరొకరు కొమ్ము పిడి బిగించేవారు. చాలామంది చిన్న గది అద్దెకు తీసుకుని సొంతంగా పనిచేసుకునేవారు. వీళ్ళని 'లిటిల్ మెస్టర్' అనేవారు, అంటే చిన్న యజమాని అన్నమాట.

వీళ్ళలో సాన పట్టేవాడి బతుకు మరీ దయనీయం. రోజంతా రాతి చక్రం మీదకి వంగి కూర్చోవాలి. రాతి పొడి, ఇనుప పొడి ఊపిరితిత్తుల్లోకి పోయేది. తడి రాయి మీద దుమ్ము తక్కువ, పొడి రాయి మీద ఎక్కువ. షెఫీల్డు వైద్యుడు డాక్టర్ నైట్ చెప్పిన లెక్కల్ని 1845లో ఎంగెల్స్ తన పుస్తకంలో ఇచ్చాడు. పొడి రాయి మీద ఫోర్కులు సాన పట్టేవాళ్ళు 28, 32 ఏళ్ళ మధ్యే పోయేవారట. తడీ పొడీ రెండు రకాల రాళ్ళూ వాడే గడ్డం కత్తుల పనివాళ్ళు 40, 45 ఏళ్ళ మధ్య పోయేవారట. వేగంగా తిరిగే రాయి పగిలి మీద పడి చచ్చిపోయినవాళ్ళు వేరే. పెళ్ళాం పిల్లల్ని పోషించుకోవడానికి ఊపిరినే అరగదీసుకున్నారు పాపం!

ఆడవాళ్ళు ఏం చేసేవారంటారా? చెంచాలు, ఫోర్కులు మెరుగుపెట్టే పని ఎక్కువగా వాళ్ళదే. 'బఫర్ గర్ల్స్' అనేవారు వీళ్ళని. నల్లటి మడ్డి మీద పడకుండా తలకి గుడ్డ, ఒంటికి కాగితాలు చుట్టుకుని పనిచేసేవారు. నేను తళతళలు కోరి చెరిపేసిన ఆ పేరు ఇలాంటి ఊరి పనివాడిదని తెలిశాక, నాకు మనసు చివుక్కుమంది.

1904లో అమెరికాలో జిలెట్ మార్చుకునే బ్లేడు రేజరుకి పేటెంటు తీసుకున్నాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో సిపాయిలకి అది అలవాటైంది. క్రమంగా మడత కత్తి మూలపడింది. షెఫీల్డులో మహా పేరున్న జోసెఫ్ రోడ్జర్స్, వోస్టెన్‌హోమ్ కంపెనీలు 1971లో ఒకటిగా కలిసిపోయాయి.

కత్తిని చదవడం ఎలా?

కత్తిలో పదునైన భాగాన్ని అలుగు అంటాం. దాని మందపాటి పైభాగం వెన్ను. పిడి దగ్గర అలుగు సన్నబడే చోటనే ముద్ర ఉంటుంది. అక్కడ భూతద్దం పెట్టి చూడండి.

* నక్షత్రం, దాని పక్కన శిలువ ఆకారం ఉంటే జోసెఫ్ రోడ్జర్స్. ఈ ముద్ర వాళ్ళకి 1764లో దక్కింది.
* 'ఐ.ఎక్స్.ఎల్.' అని ఉంటే వోస్టెన్‌హోమ్. ఇంగ్లీషులో చదివితే 'నేనే మిన్న' అని వస్తుంది. అదో చమత్కారం!
* కిరీటానికి చెరో పక్క డబ్ల్యు, ఆర్ అక్షరాలుంటే నాలుగో విలియం రాజు కాలం, అంటే 1830, 1837 మధ్య. వి, ఆర్ ఉంటే విక్టోరియా రాణి కాలం, 1837 నుంచి 1901 దాకా.
* 'ఇంగ్లండ్' అని దేశం పేరు ఉంటే చాలావరకు 1891 తర్వాతది. దిగుమతి సరుకు మీద దేశం పేరు ఉండాలని అమెరికా పెట్టిన చట్టం అప్పటి నుంచి అమలైంది. పేరు లేనంత మాత్రాన అంతకు ముందుదని మాత్రం రూఢిగా చెప్పలేం.
* అలుగుని కొనవైపు నుంచి చూడండి. పుచ్చకాయ ముక్కలా నిండుగా, బరువుగా ఉంటే పాత పద్ధతి. రెండు పక్కలా గరిటెలా లోపలికి తవ్వినట్టుంటే 19వ శతాబ్దం రెండో సగంలోనో, ఆ తర్వాతో వచ్చినది అయ్యుండొచ్చు.
* వెన్ను మీద వారం పేరు చెక్కి ఉందా? అయితే అది ఏడు కత్తుల పెట్టెలోది. రోజుకో కత్తి వాడి, మిగతా ఆరింటికీ విశ్రాంతి ఇచ్చేవారు.

శుభ్రం చేసే పద్ధతి

అన్నిటికన్నా ముందు జాగ్రత్త! ఎంత తుప్పు పట్టినా ఇది గడ్డం కత్తే. వేలితో పదును చూడకండి. అంచు మీద ప్లాస్టర్ టేపు అడ్డంగా మడిచి అతికించండి. పిల్లలు బడికి వెళ్ళాకే పని మొదలుపెట్టండి.

ఒకటి: వెలుతురులో పరీక్షగా చూడండి. అలుగులో వెంట్రుకలాంటి బీట కనిపిస్తే ఇక ఏమీ చెయ్యకండి. నూనె రాసి దాచుకోండి. అంచు దగ్గర తుప్పు గుంటలు పడితే ఆ కత్తి మళ్ళీ గడ్డం చెయ్యదు. అలంకారానికి ఉంచుకోవచ్చు.

రెండు: ఇత్తడి సామాను మెరిపించే చింతపండు, నిమ్మకాయ దీని దగ్గరికి రానివ్వకండి! అది స్టెయిన్‌లెస్ స్టీలు కాదు. పులుపు తగిలితే నల్లబడి, గుంటలు పడుతుంది. నీళ్ళలో నానబెట్టడమూ వద్దు.

మూడు: కుట్టుమిషను నూనె అలుగంతా రాసి ఓ రాత్రి వదిలెయ్యండి. కొబ్బరినూనె, నువ్వులనూనె వద్దు, కొన్నాళ్ళకి జిగురుకట్టుకుంటాయి. మర్నాడు పాత టూత్‌బ్రష్షుతో నెమ్మదిగా రుద్ది మెత్తటి గుడ్డతో తుడవండి. గుడ్డ ఎప్పుడూ వెన్ను నుంచి అంచు వైపుకే వెళ్ళాలి. అంచు నుంచి వెన్ను వైపు తుడిచారో, చెయ్యి తెగుతుంది.

నాలుగు: మొండి తుప్పుకి నున్నటి వాటర్ పేపర్ వాడండి. ముందు 1000 నంబరు, తర్వాత 2000. చిన్న బెండు ముక్కకి చుట్టి, నూనె తడితో, చెక్క మీద కత్తిని బల్లపరుపుగా ఆనించి రుద్దండి. ముద్ర ఉన్నచోట కాగితం పెట్టకండి. బంగారు పూత అక్షరాలుంటే పాలిష్ కూడా వద్దు, ఒక్క రుద్దుడుకే పోతాయి. ఓ పూట పదిహేను నిమిషాలు చాలు. ఊరగాయ ఊరినట్టే దీనికీ రోజులు పట్టాలి. నల్లటి మచ్చలు కొన్ని మిగిలితే మిగలనివ్వండి. గచ్చు రంగు వచ్చిన పాత ఉక్కే అందం.

ఐదు: కరెంటు సాన చక్రం పెట్టనే పెట్టకండి. గట్టిపరిచిన ఉక్కుని సుమారు 230 డిగ్రీల దగ్గర మళ్ళీ వేడిచేసి గడ్డం కత్తికి తగిన పదును నిలిచేలా చేస్తారు. చక్రం రాపిడికి పల్చటి అంచు 300 డిగ్రీలకు చేరితే ఉక్కు నీలం రంగుకి తిరిగి మెత్తబడిపోతుంది. మా కత్తి అంచున పడిన నీలం చార అదే! ఆ గట్టిదనం మళ్ళీ తిరిగి రాదు.

మరి అసలు నూరే పద్ధతి ఏమిటంటారా? పలకలాంటి నున్నటి సానరాయి మీద కత్తిని పడుకోబెట్టాలి. వెన్నూ, అంచూ రెండూ రాయికి ఆనాలి. వెన్ను మందమే కోణాన్ని నిలబెడుతుంది, ఎంత తెలివైన ఏర్పాటో చూడండి! రాయి మీద అంచు ముందుకు నడుస్తుంది. చివర్లో తోలు పట్టీ మీద మాత్రం వెన్ను ముందుకి, అంచు వెనక్కి. ఇది చేయి తిరిగినవాళ్ళ పని. చూసుకోవడానికే దాచుకునే కత్తికి పదునుతో పనే లేదు.

పిడి సంగతి

గేదె కొమ్ము పిడికి నాలుగు చుక్కల మిషను నూనె పట్టించి తుడిస్తే చాలు. వేడినీళ్ళు తగిలితే కొమ్ము వంకరపోతుంది. పురుగు కూడా పడుతుంది, కాబట్టి ఏడాదికి రెండుసార్లు తీసి చూడండి. రివెట్టు వదులైందని సుత్తి తియ్యకండి, పిడి చీలుతుంది.

పాలరంగులోనో, తాబేటి చిప్పలానో ఉండి రుద్దితే కర్పూరం వాసన వచ్చే పిడి సెల్యులాయిడ్‌ది కావచ్చు. అది ముసలిదైతే దాన్నుంచి వచ్చే ఆవిరి పక్క కత్తుల్ని కూడా తుప్పు పట్టిస్తుంది. ఒక మగ్గిన పండు బుట్టంతా పాడుచేసినట్టే! విడిగా, గాలి తగిలేలా ఉంచండి. పొయ్యి దగ్గర, దీపం దగ్గర అసలు వద్దు, భగ్గుమని అంటుకుంటుంది.

అసలు ఏనుగు దంతం, అసలు తాబేటి చిప్ప పిడి ఉన్నవి ఎంత ముద్దొచ్చినా కొనకండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మన దేశంలో వాటి వ్యాపారం నిషిద్ధం.

దాచుకోవడం

* మన ఉక్కపోతకి తుప్పు రెండు రోజుల్లో వస్తుంది. చేత్తో ముట్టుకున్న ప్రతిసారీ తుడిచి పల్చగా నూనె రాయండి.
* తోలు సంచిలో, పాత అట్టడబ్బాలో పెట్టకండి, అవి చెమ్మని పట్టి ఉంచుతాయి. కొత్త తెల్ల కాగితంలో చుట్టి, మందుల సీసాల్లో వచ్చే చెమ్మ పీల్చే పొట్లం పక్కన పెట్టండి.
* పాత డబ్బాని పారెయ్యకండి. దాని మీది చీటీ కూడా చరిత్రే. విడిగా దాచండి.
* ఎవరెవరు వాడారో కాగితం మీద రాసి జతచెయ్యండి.
* ఎవరో వాడిన కత్తితో సరదాకి కూడా ఇంట్లో మగవాళ్ళని గడ్డం చేసుకోనివ్వకండి. రక్తం ద్వారా పాకే జబ్బుల భయం ఉంది. మంగలి షాపుల్లో ఎవరికి వారికి కొత్త బ్లేడు వెయ్యడం అందుకే.

షెఫీల్డులో పనిముట్లు అమ్మే దుకాణం నడిపిన కెన్ హాలీ అనే ఆయన, మూతపడుతున్న కార్ఖానాల నుంచి పనిముట్లు సేకరిస్తూ జీవితమంతా గడిపాడు. "చెత్తంతా ఎందుకు పోగేస్తారు" అని ఆయన్నీ ఎవరో ఒకరు అనే ఉంటారు. ఆ సేకరణకి 2010లో కెల్హమ్ ఐలండ్ మ్యూజియంలో ప్రత్యేకంగా ఓ గ్యాలరీ ఏర్పడింది. మనం మ్యూజియాలు పెట్టక్కర్లేదు. మన ఇంటి వస్తువు ఒక్కటి కాపాడుకుంటే చాలు.

మా రెండో కత్తికి పది రోజులు పట్టింది. ఎనిమిదో రోజు తుప్పు కింద కిరీటం బొమ్మ తేలింది. దానికి చెరో పక్క వి, ఆర్. కింద షెఫీల్డు పేరు. అత్తయ్యగారికి చూపు తగ్గింది, భూతద్దం పెట్టి అక్షరం అక్షరం చదివించాను. ఆదివారం పొద్దున్నే వసారాలో అద్దం నిలబెట్టి, చెంబుతో వేణ్ణీళ్ళు అందించడం కొత్త కోడలిగా తన పని అని అప్పుడు చెప్పారు. ఆ మాట ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెప్పలేదు.

గాజు బీరువాలో పెడదామంటే, "ఆ రెండోదీ తీసుకురా, పక్కన పెట్టు. జత విడదీయకు" అన్నారు. నేను పాడుచేసినదీ, బాగుచేసినదీ ఇప్పుడు పక్కపక్కనే ఉన్నాయి. రెండింటి కిందా ఎవరెవరివో నేనే చీటీ రాసి పెట్టాను.

ఈసారి మీరు అటక దులిపేటప్పుడు చేతిలో ఓ భూతద్దం, కుట్టుమిషను నూనె సీసా ఉంచుకోండి మరి. ఏదైనా సామాన్లవాడికి వేసే ముందు ఇంట్లో పెద్దవాళ్ళని ఒక్క మాట అడగండి!